నిప్పు పెట్టే చేతికి జీతం

ఉత్తర ఆస్ట్రేలియాలో ఆర్నెమ్ ల్యాండ్ అనే చోట, రాతి పీఠభూమి చుట్టుపట్ల ఒక గడ్డి పెరుగుతుంది. వానాకాలం ముగిసేసరికి నిలువున్నర ఎత్తుకు లేస్తుంది. స్పియర్ గ్రాస్ అంటారు. వృక్షశాస్త్రం లెక్కలో మన జొన్నకు దాయాది. దాని గింజకు అడుగున సన్నటి మొన, పైన పొడుగాటి మీసం ఉంటాయి. మీసం పురి తిరిగి ఉంటుంది. తేమ తగిలితే పురి విడుతుంది, ఆరితే మళ్లీ బిగుసుకుంటుంది. రాత్రి తేమకూ పగటి ఎండకూ ఇలా తిరిగీ తిరిగీ గింజ తనంతట తానే మట్టిలోకి దిగబడుతుంది. మే నెల వచ్చేసరికి తల్లి మొక్క ఎండి చస్తుంది, గింజ మాత్రం నేల కింద భద్రంగా ఉంటుంది. పైన ఎంత మంట రేగినా దానికి సెగ తగలదు. మళ్లీ వానలు పడితే అదే గడ్డి, అంతే ఎత్తున.

కాబట్టి ఈ గడ్డి కాలుతుందా లేదా అని అక్కడ ఎవరూ అడగరు. ఎలాగూ కాలుతుంది. ఎప్పుడు కాలాలి, ఎంత వేడితో కాలాలి, ఎక్కడికొచ్చి ఆగాలి అన్నది తేల్చడమే పనంతా. ఆ పని చేసే ఆదిమవాసీ రేంజర్లకు ఆస్ట్రేలియా ప్రభుత్వం జీతాలిస్తోంది. నిప్పు పెట్టే నేర్పు వేల ఏళ్ల నాటిది. దాన్ని నిలబెడుతున్న గ్రాంట్ల అమరికకు ముప్ఫై ఏళ్లయినా నిండలేదు. ఆ రెండో దాన్ని మనం ఆఫీసు వ్యవహారం కింద కొట్టిపారేస్తాం గానీ, విప్పి చూస్తే అందులోనూ మంచి పనితనం ఉంది.

ముందు నిప్పు సంగతి. ఏప్రిల్‌లో చివరి గాలివానలు ఈ గడ్డిని ఒక్క పెట్టున పడుకోబెడతాయి. అక్కడ కున్‌వింజ్కు భాష మాట్లాడే బినింజ్ ప్రజలు ఏడాదిని ఆరు కాలాలుగా పంచుకున్నారు. గడ్డి పడిపోయే కాలం బంగెరెంగ్. దాని వెనకే, మే నుంచి జూన్ నడిమి దాకా యెక్కె. ఆకాశం తేటపడుతుంది, ఆగ్నేయం నుంచి పొడిగాలి మొదలవుతుంది, తెల్లవారుజామున మంచు పడుతుంది. వూలీబట్ అనే యూకలిప్టస్ జాతి చెట్టు నారింజ రంగు పూత పూస్తుంది. పూత వచ్చింది, గాలి ఆరింది అంటే నిప్పు చేతబట్టే వేళయిందన్నమాట.

అప్పటికి గడ్డి అంతటా ఒకే తీరున ఎండి ఉండదు. గట్ల మీద, రాళ్ల సందుల్లోని పల్చటి మట్టిలో ముందు ఎండుతుంది. వాలులో ఇంకా సగం పచ్చిగా ఉంటుంది. వాగు పక్కన పూర్తిగా పచ్చి. గట్టు మీద అంటిస్తే మంట కిందికి పాకి, పచ్చిగడ్డి తగిలిన చోట చల్లారిపోతుంది. ఆపడానికి మనిషి అక్కర్లేదు. కొన్ని వారాలకు వాలు ఎండుతుంది. ఇప్పుడు అక్కడ అంటిస్తే కింద వాగు తేమ ఆపుతుంది, పైన మొన్న కాలిన నల్లటి పట్టీ ఆపుతుంది. ఇంకొన్నాళ్లకు వాగు అంచు వంతు. ముందు పెట్టిన ప్రతి మంటా తర్వాత పెట్టబోయే మంటకు కంచె అవుతుంది. వాడే సరంజామా ఏమిటంటే నేల ఎండడంలో ఉన్న ఆ తేడాయే. అన్నీ ఒక్క తీరున ఎండిపోయాక ఆ తేడా ఉండదు. అప్పుడు ఎంతమందిని దింపినా ఈ పని సాగదు.

రోజులోనూ ఇదే లెక్క నడుస్తుంది. పొద్దున్నే అంటిస్తే గడ్డి మీది మంచుకు మంట నిలవదు. ఎండ నడినెత్తికి రాకముందు అంటిస్తే మధ్యాహ్నపు గాలికి చేయి దాటిపోవచ్చు. పొద్దు వాలే ముందు అంటించిన మంటకు రెండు మూడు గంటల ఆయుష్షు చాలు. చీకటి పడ్డాక గాలి పడిపోతుంది, గాల్లో తేమ పెరుగుతుంది, మంట మెల్లగా కన్ను మూస్తుంది. తెల్లారి చూస్తే నేల మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఇక్కడొక నల్లటి చదరం, పక్కన ముట్టని గడ్డి, ఒక కూలిన దుంగ చుట్టూ పచ్చటి తునక. చెట్ల ఆకులు వాడవు. మంట ఎత్తు మోకాలి దాకానో నడుము దాకానో ఉంటే, పైన పూత, కాయ, పక్షి గూడు అన్నీ నిలుస్తాయి.

ఈ పని జరగని ఏడాది ఏమవుతుందో చూడాలంటే ఆగస్టు నడిమి నుంచి వచ్చే కురుంగ్ కాలం దాకా ఆగాలి. అది వేడి కాలం. గడ్డి మొత్తం పెళపెళలాడుతుంది. ఎక్కడో బాట పక్కన రేగిన ఒక్క మంట వారాల తరబడి నడుస్తుంది. రాత్రీ ఆగదు. వాగు ఎండిపోయి ఉంటుంది గనక దాటుతుంది, కొండ చరియ ఎక్కుతుంది, చెట్ల తలలు మాడుస్తుంది. వేల చదరపు కిలోమీటర్లు ఒకే నలుపు. ఆ నలుపులో జంతువు దాక్కోవడానికి చిన్న పచ్చ తునక కూడా మిగలదు. గొంతు తెల్లగా ఉండే ఒక చిన్న గడ్డి పిట్ట ఈ పీఠభూమి మీద తప్ప ఎక్కడా బతకదు. బినింజ్ వాళ్లు దాన్ని యిర్లిన్‌కిర్‌కిర్ అంటారు. కొన్నేళ్లుగా కాలని ముళ్ల గడ్డి గుబుర్లే దానికి ఇల్లు. అలాంటి పిట్టకు ఒక పెద్ద మంట అంటే ఊరు మొత్తం పోవడమే.

సరిగ్గా అలాగే కొన్ని దశాబ్దాలు గడిచాయి. ఇరవయ్యో శతాబ్దంలో మిషన్లు, గవర్నమెంటు సెటిల్‌మెంట్లు, పశువుల స్టేషన్లు, గనులు ఒక్కొక్కటిగా వచ్చాక పీఠభూమి మీది కుటుంబాలు కిందికి దిగిపోయాయి. పైన మనిషి లేడు. మే నెలలో గట్టు మీద అగ్గిపుల్ల గీసే చేయి లేకపోయేసరికి ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో కార్చిచ్చు తన ఇష్టం వచ్చినట్టు తిరిగింది. బర్దయల్ లోఫ్టీ నజమెరెక్ అనే పెద్దాయన, పేరున్న చిత్రకారుడు, 2002లో కబుల్‌వర్నమ్యో అనే చోట మళ్లీ నివాసం కట్టాడు. ఖాళీ అయిన నేల ఆగమైపోతుందని ఆయన వాదన. ఆయన 2009లో కన్నుమూశాడు. ఆయన మొదలుపెట్టిన ఆ చిన్న శిబిరమే ఇప్పుడు వర్డెకెన్ రేంజర్ల ప్రధాన స్థావరాల్లో ఒకటి. వాళ్లు చూసుకునే నేల దాదాపు 14 లక్షల హెక్టార్లు. ఉమ్మడి నల్లగొండ జిల్లా అంత.

అంత నేల మీద ఒక చెట్ల గుంపును కాపాడే పని చూడండి. అన్‌బినిక్ అనే చెట్టు పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్ రాతి సీమలో తప్ప ప్రపంచంలో ఎక్కడా పెరగదు. చాలా పాత జాతి. గుబురుగా, చీకటిగా పెరుగుతుంది. ఆ నీడలో గడ్డి మొలవదు కాబట్టి తోపు నడిమధ్యకు మంట రాదు. ప్రమాదం అంచులోనే ఉంది. బయట గడ్డి, లోపల ఎండాకు, మధ్య సరిహద్దు లేదు. వేడి మంట వచ్చిన ప్రతిసారీ అంచు చెట్లు కొన్ని మాడతాయి, అక్కడ వెలుతురు పడుతుంది, వెలుతురు పడ్డ చోట గడ్డి మొలుస్తుంది, ఆ గడ్డి మరుసటి మంటను ఇంకో నాలుగు అడుగులు లోపలికి తెస్తుంది. తోపు ఏళ్ల తరబడి అలా కొరుక్కుపోతుంది.

రేంజర్లు చేసేది చెప్పుకుంటే చిన్న పనిలా ఉంటుంది. వీపుకు తగిలించుకునే బ్లోయర్ యంత్రంతో తోపు చుట్టూ రాలిన ఆకును ఊదుకుంటూ నడుస్తారు. వెనక ఒక మనిషి నడిచేంత వెడల్పున మట్టి బయటపడుతుంది. ఆ మట్టి గీత బయటి అంచున నిప్పు పెడతారు, మంట తోపుకు వీపు తిప్పి బయటికి పోయేలా. గంటలో తోపు చుట్టూ నల్లటి దట్టీ కట్టినట్టు అవుతుంది. సెప్టెంబరు మంట వచ్చినా దానికి అక్కడ మేత దొరకదు. ఇది చల్లటి రోజుల్లోనే చేయాలి. రాళ్ల మీద నడక, వీపు మీద బరువు, ఒక తోపు అయ్యాక ఇంకో తోపు. తోపు ఎక్కడుందో, ఏ పక్క అంచు బలహీనపడిందో, నిరుడు ఎక్కడిదాకా కాలిందో గుర్తున్నవాడే ఈ పనికి పనికొస్తాడు.

నేల మీద నిప్పు పెట్టడానికి డ్రిప్ టార్చ్ వాడతారు. డీజిల్, పెట్రోలు కలిపి నింపిన డబ్బా, దానికి పొడుగాటి గొట్టం, గొట్టం చివర ఒత్తి. వంచితే ఇంధనం ఒత్తి మీదుగా చుక్కలుగా, మండుతూ పడుతుంది. పెట్రోలు తొందరగా అంటుకోవడానికి, డీజిల్ గడ్డిని పట్టుకుని కాసేపు మండడానికి. గొట్టం మధ్యలో ఒక మెలిక ఉంటుంది. మంట వెనక్కి పాకి డబ్బాలోకి పోకుండా ఆ మెలిక అడ్డుకుంటుంది. అంత ప్రాణాపాయం ఉన్న వస్తువును ఒక్క వంపుతో చేతపట్టి తిరగగలిగేలా చేసినవాళ్లెవరో గానీ, దండం పెట్టాలి.

కాలినడకన పోలేని చోట్లకు హెలికాప్టర్. అందులో ఒక యంత్రం ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ గోళీల్లో పొటాషియం పర్మాంగనేట్ నింపి ఉంచుతారు. మన పల్లెల్లో బావిలో కలిపే ఊదా రంగు మందు అదే. గోళీ కిందికి జారే ముందు యంత్రం దానికో సూది పొడిచి కాస్త గ్లైకాల్ ఎక్కిస్తుంది. కార్ల రేడియేటర్లో పోసే కూలెంట్‌లో ఉండేదే. ఆ రెండూ కలిస్తే వేడెక్కుతాయి గానీ వెంటనే మండవు. దాదాపు అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషంలో గోళీ గాల్లోంచి పడి గడ్డిలో కుదురుకుంటుంది, అప్పుడు అంటుకుంటుంది. ఆలస్యమే ఇక్కడ రక్షణ కవచం. యంత్రం పక్కన కూర్చునే రేంజరు వేళ్ల కింద ఉన్నది గోళీకీ గోళీకీ మధ్య దూరం. దగ్గర దగ్గరగా వేస్తే మంటలు కలిసి పెద్దవవుతాయి. దూరంగా వేస్తే దేనికది ఆరిపోయి మచ్చలు మిగులుతాయి. పక్క సీట్లో ఆ నేలకు చెందిన పెద్దమనిషి కూర్చుని కింద చూపిస్తూ ఉంటే ఆ పని ఒక తీరుగా ఉంటుంది, పటంలో గీసిన గీత మీద పోతే వేరే తీరుగా ఉంటుంది.

ఎవరి నేల మీద ఎవరు నిప్పు పెట్టాలో కూడా కట్టడి ఉంది. తండ్రి వైపు నుంచి వచ్చే నేల హక్కు ఒకరిది. తల్లి వైపు నుంచి ఆ నేలను కనిపెట్టుకునే బాధ్యత ఇంకొకరిది, వాళ్లను జుంగ్కయ్ అంటారు. ఇద్దరి మాటా కలవాలి. అందుకే కాల్చే కాలానికి ముందు పటాలు పరిచి కూర్చుంటారు. నిరుడు ఎక్కడ కాలింది, మూడేళ్లుగా ఎక్కడ కాలలేదు, ఏ గుహలో బొమ్మలున్నాయి, ఏ చోటు జోలికి పోకూడదు అన్నీ మాట్లాడుకున్నాకే నిప్పు. పీఠభూమి గుహల్లో పాత తరాలు రాతి మీద వేసిన బొమ్మలు వేల చోట్ల ఉన్నాయి. వాటి ముందు గడ్డి మండితే రాయి పెచ్చులూడుతుంది, పొగ పడుతుంది. ఆ గడ్డి కోసి పెట్టడం కూడా రేంజరు పనే.

ఇంత పనికి లెక్క ఎలా కడతారు? ఇక్కడే ఈ కథ ఆఫీసులోకి అడుగుపెడుతుంది, అక్కడా నేర్పు కనిపిస్తుంది. ఉపగ్రహం రోజూ ఆ నేల మీదుగా పోతూ ఫొటో తీస్తుంది. కాలిన మేర పటంలోకి ఎక్కుతుంది, ఒక్కో గడి 250 మీటర్లు. ఆ గడిలో ఉన్నది చెట్ల అడవా, గడ్డి మైదానమా, పొదలా అన్నది ఇంకో పటం చెబుతుంది. అది కాలి ఎన్నేళ్లయిందో పాత పటాలు చెబుతాయి. దాన్నిబట్టి నేల మీద ఎంత ఎండు మేత పోగుపడి ఉంటుందో లెక్క తేలుతుంది. జూలై 31 లోపు కాలితే ముందు మంట, ఆ తర్వాత కాలితే ఆలస్యపు మంట. ముందు మంట గడిలో రమారమి 70 శాతమే కాలుస్తుంది, ఆలస్యపు మంట దాదాపు 90 శాతం. ఇవన్నీ గుణిస్తే ఎంత మీథేన్, ఎంత నైట్రస్ ఆక్సైడ్ గాల్లోకి పోయిందో వస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కలోకి తీసుకోరు. మరుసటి వానలకు మొలిచే గడ్డి దాన్ని తిరిగి తీసుకుంటుంది కాబట్టి. ఈ కొట్టివేతలోని నిజాయితీ నాకు నచ్చింది. అది కూడా కలిపి చూపితే అంకె ఎంతో పెద్దదయ్యేది.

వానలెక్కువ పడే ప్రాంతాల్లో పని మొదలవక ముందు పదేళ్ల సగటు తీసి, ఈ ఏటి లెక్క అందులోంచి తీసేస్తే మిగిలింది ఆదా. పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్‌లో 28,000 చదరపు కిలోమీటర్ల మీద ఈ పద్ధతి ముందుగా నిలదొక్కుకుంది. డార్విన్‌లోని గ్యాస్ ప్లాంటు 2006లో ఆ పనికి 17 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. ప్లాంటు ఏటా దాదాపు పది లక్షల డాలర్లు ఇచ్చేది, రేంజర్లు ఏటా లక్ష టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులను తగ్గించేవారు. మొదటి ఏడేళ్లలో మునుపటి సగటు మీద దాదాపు 38 శాతం తగ్గించి చూపించారు. అంతకుముందు ఏటా మూడో వంతుకు పైగా నేల కాలేది, అందులో అధిక భాగం ఎండాకాలం చివరి మంటల్లో. ఇప్పుడు ఎక్కువ భాగం ముందే, చల్లగా కాలుతోంది. 2011లో వచ్చిన కార్బన్ ఫార్మింగ్ చట్టం తర్వాత ఇలాంటి ఆదాను టన్నుకొక యూనిట్ చొప్పున అమ్ముకునే దారి ఏర్పడింది. ఆర్నెమ్ ల్యాండ్ రేంజర్ సంఘాలు కలిసి 2013లో తమ సొంత కంపెనీ పెట్టుకుని అమ్ముకుంటున్నాయి.

కార్బన్ డబ్బు వస్తుంటే ప్రభుత్వ గ్రాంటు ఎందుకు అన్న ప్రశ్న ఇక్కడ సహజంగానే వస్తుంది. జవాబు ఆ లెక్కలోనే ఉంది. ఈ ఏడాది చేసిన పని లెక్క ఏడాది ముగిశాకే తేలుతుంది, డబ్బు ఆ తర్వాతే. పైగా ఆలస్యపు మంట ఒక్కటి చెయ్యి జారితే ఆ ఏటి ఆదాయం పడిపోతుంది. అలాంటి ఏడాదే మరుసటి మే నెలకు మనుషులు ఎక్కువ కావాలి. ఆదాయం తగ్గిన ఏడాదే పని పెరుగుతుందన్నమాట. దీని మీద జీతాలు నడిపితే మూడో ఏటికల్లా జట్టు చెదిరిపోతుంది. హెలికాప్టర్ గంటలకు, ఇంధనానికి, మంటలార్పే ఖర్చుకు కార్బన్ డబ్బు బాగా పనికొస్తుంది. నెల నెలా జీతానికి వేరే ఊట కావాలి.

ఒకప్పుడు ఆ ఊట సీడీఈపీ. 1977లో మొదలైన ఉపాధి పథకం అది. నిరుద్యోగ భృతికి సమానమైన మొత్తం ఇచ్చి, బదులుగా వారంలో కొన్ని గంటల పని చేయించుకునేది. చాలా రేంజర్ జట్లు దాని మీదే పుట్టాయి. కానీ ఆ పద్ధతిలో రేంజరు లెక్కకు నిరుద్యోగి. బ్యాంకు లోను రాదు, పదోన్నతి లేదు, అడవిలో మంట మీద పని చేసినవాడికీ ఊళ్లో రోడ్డు ఊడ్చినవాడికీ ఒకటే. 2007లో కేంద్ర ప్రభుత్వం వర్కింగ్ ఆన్ కంట్రీ పేరుతో గ్రాంటు తెచ్చింది. దాంట్లోని మెలకువ ఒకే ఒక్కటి. డబ్బును ప్రాజెక్టుకు కాక ఉద్యోగాలకు కట్టింది. ఇన్ని పూర్తికాలం పోస్టులు, ఇన్ని పార్ట్ టైమ్ పోస్టులు, వాటికి జీతం, పింఛను వాటా, శిక్షణ, జట్టును నడిపే సమన్వయకర్త, యూనిఫారం, నడిపే ఖర్చు. యజమాని ప్రభుత్వం కాదు, స్థానిక ఆదిమవాసీ సంస్థ. ఎవరిని తీసుకోవాలి, ఏ తోపు ముందు చూడాలి అన్నది వాళ్ల నిర్ణయం. నేల హక్కున్న మనిషే ఆ నేల మీద నిప్పు పెట్టాలన్న కట్టడి గురించి పైన చెప్పాను. డార్విన్ నుంచి కాంట్రాక్టరును పంపిస్తే ఆ కట్టడి తెగిపోతుంది. ఉద్యోగానికి డబ్బు కట్టి, మనిషిని ఎంచుకునే హక్కు ఊరికి వదిలేయడంతో గ్రాంటు దానంతటదే ఆ కట్టడిలో ఇమిడింది.

దీనికి ముందే ఇంకో భాగం తయారై ఉంది, ఇండిజినస్ ప్రొటెక్టెడ్ ఏరియా. ఆదిమవాసులు తమ నేలను తామే రక్షిత ప్రాంతంగా ప్రకటించుకుంటారు. ప్రభుత్వానికి నేల ఇవ్వరు, పార్కు శాఖకు అప్పగించరు. మొదటిది దక్షిణ ఆస్ట్రేలియాలోని నాంటవరీనా, 1998లో. ఇక్కడ గ్రాంటు రెండు మెట్లలో వస్తుంది. మొదటి మెట్టు ప్రణాళికకు. కుటుంబాలన్నిటినీ కూర్చోబెట్టి మాట్లాడటానికి, పటాలు గీయడానికి, ఏ పని ఎవరిదో రాసుకోవడానికి డబ్బు. ప్రకటన అయ్యాక రెండో మెట్టు, నిర్వహణకు. మాట్లాడుకోవడానికి కూడా డబ్బివ్వాలని తట్టడం మామూలు విషయం కాదు. మామూలుగా ప్రభుత్వాలు ముందు ప్రణాళిక తెమ్మంటాయి, తర్వాత నిధులంటాయి. పీఠభూమి మీది కుటుంబాలు వందల కిలోమీటర్ల దూరంలో చెదిరి ఉన్నప్పుడు వాళ్లను ఒక్క చోటికి చేర్చే విమానం ఛార్జీయే పెద్ద ఖర్చు. ఇప్పుడు ఇలాంటి ప్రాంతాలు 80కి పైగా ఉన్నాయి. విస్తీర్ణంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినదానికి మూడు రెట్లకు పైగా. ఆస్ట్రేలియా రక్షిత భూముల జాబితాలో సగానికి పైగా ఇవే.

మూడో భాగం రాష్ట్రాలది, టెరిటరీలది. నార్తర్న్ టెరిటరీ ప్రభుత్వం వాహనాలు, పడవలు, పరికరాల వంటి వస్తువులకు రేంజర్ గ్రాంట్లు ఇస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియా 2017లో 2 కోట్ల డాలర్లతో అయిదేళ్ల రేంజర్ పథకం తెచ్చింది. క్వీన్స్‌లాండ్‌కు సొంత పథకం ఉంది. జీతం ఒక చోటి నుంచి, బండి ఇంకో చోటి నుంచి, హెలికాప్టర్ ఇంధనం మూడో చోటి నుంచి వస్తే సమన్వయకర్తకు నివేదికలు రాయడంతోనే పొద్దుపోతుంది. అది నిజమైన ఇబ్బందే. కానీ ఒక ఊట ఎండినప్పుడు మిగతావి ఆదుకుంటాయి. పని తెలిసినవాడు ఒక్క మేకు మీద బరువంతా వేలాడదీయడు.

గ్రాంటు వ్యవధి సంగతికొస్తే, దీంట్లో నిప్పుకూ క్యాలెండర్‌కూ పెద్ద పేచీ ఉంది. ఆస్ట్రేలియా ఆర్థిక సంవత్సరం జూన్ 30న ముగుస్తుంది. నిప్పు పని ఏప్రిల్ చివర మొదలై జూలైతో అయిపోతుంది. ఖాతా మూసే రోజు పని నడిమధ్యన పడింది. ఏడాదికోసారి మంజూరయ్యే గ్రాంటైతే గట్లు కాల్చడం ఒక గ్రాంటు కింద, వాగు అంచులు ఇంకో గ్రాంటు కింద వస్తాయి. కొత్త మంజూరు సెప్టెంబరులో చేతికొస్తే అప్పటికి గడ్డి అంతా ఒకే తీరున ఎండిపోయి ఉంటుంది. ఆ డబ్బుతో మంటలార్పడమే తప్ప కంచెలు కట్టడం ఉండదు. అందుకే బహుళ సంవత్సరాల ఒప్పందం కోసం రేంజర్ సంఘాలు అంత పట్టుబట్టాయి. 2020లో కేంద్రం ఏటా 10.2 కోట్ల డాలర్ల చొప్పున 2021 నుంచి 2028 దాకా ఏడేళ్ల నిధులు ప్రకటించింది. ఈ దశాబ్దం ముగిసేలోపు రేంజర్ల సంఖ్యను రెట్టింపు చేసి 3,800కు చేర్చడం ఇప్పటి ప్రభుత్వ లక్ష్యం. మహిళా రేంజర్లను పెంచడం అందులో భాగం. ఆడవాళ్లు మాత్రమే చూడాల్సిన చోట్లు ఆ నేల మీద ఉన్నాయి గనక, వాళ్లు లేకపోతే ఆ చోట్లు ఎవరికీ అందకుండా ఉండిపోతాయి.

ఏడేళ్లంటే ఏమిటో మనిషి లెక్కలో చూడాలి. మొదటి ఏడు కొత్త కుర్రాడు బ్లోయర్ మోస్తాడు. రెండో మూడో ఏట హెలికాప్టర్ యంత్రం నడిపే శిక్షణ తీసుకుంటాడు. నాలుగో ఏట పటం ముందు కూర్చుని పెద్దవాళ్ల మాట వింటూ ఏ తోపు అంచు ఎందుకు బలహీనమో గుర్తుపట్టడం మొదలెడతాడు. ఒక చోటు కాలి, మళ్లీ పెరిగి, మళ్లీ కాలే చక్రాన్ని ఒక్కసారైనా సొంత కళ్లతో చూడాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది. ఏడాది కాంట్రాక్టు మీద వచ్చినవాడికి ఆ చక్రంలో ముక్కే కనబడుతుంది.

జీతం ఒక్కటే సరిపోతుందనుకోవడం పొరపాటని కూడా కబుల్‌వర్నమ్యో చూపించింది. ఉద్యోగాలున్నాయి, కానీ బడి లేదు. పిల్లల చదువు కోసం రేంజర్లు ఊళ్లకు పోవాల్సి వచ్చేది. 2015లో అక్కడే ఒక బడి మొదలైంది, దాతల డబ్బుతో నడిచే ట్రస్టు సాయంతో. అప్పటినుంచి పిల్లలు అక్కడే చదువుకుంటున్నారు, పెద్దవాళ్లు పనిలో ఉంటున్నారు. ఉద్యోగాలకు డబ్బివ్వాలన్న ఆలోచన ఎంత పదునైనదైనా, ఉద్యోగి ఇల్లు దాని చూపులోకి రాలేదు.

హెలికాప్టర్ మీద కూడా నాకు కొంచెం అనుమానం ఉంది. టన్నుల లెక్కలో చూస్తే గంటలో వందల గోళీలు వదలడమే చవక. మనుషులు, పిల్లలు, ముసలివాళ్లు కలిసి రోజుల తరబడి నడుస్తూ కాల్చుకుంటూ పోయే యాత్రకు ఆ లెక్కలో మార్కులుండవు. ఉపగ్రహానికి 250 మీటర్ల గడి కనబడుతుంది గానీ ఒక గుహ ముందు కోసిన గడ్డి కనబడదు. వర్డెకెన్ వాళ్లు ఆ నడకలు మానలేదు. మానకుండా ఉండగలుగుతున్నది జీతాల గ్రాంటు టన్నులకు ముడిపడి లేదు కాబట్టే. జీతానికీ టన్నుల లెక్కకూ మధ్య ఆ దూరం ఉంచినవాళ్లు కావాలని ఉంచారో, అలా కుదిరిందో గానీ, మంచి పనే చేశారు.

ఇక 2028. ఏడేళ్ల ఒప్పందం ముగిసేది ఆ ఏడు జూన్ 30న. అప్పటికి గట్లన్నీ కాలి ఉంటాయి, వాలులు సగం అయి ఉంటాయి, వాగు అంచులు మిగిలి ఉంటాయి. జూలైలో ఆ అంచులు కాల్చే మనుషులకు పొడిగింపు మాట అదే ఏడు మార్చిలోపు చెవిన పడాలి. ఏప్రిల్ చివర మొదలయ్యే పనికి హెలికాప్టర్ గంటలు మాట్లాడుకునేది, కొత్తవాళ్లకు శిక్షణ ఖరారు చేసేది అప్పుడే.